ఎత్తు తాగే బొమ్మ

బతికి ఉన్న మనిషి కొలతకు బొమ్మను కడితే, ఆ బొమ్మ ఆ మనిషి ఎత్తును కొంచెం కొంచెంగా తాగేస్తుందని ఆ వీధి దర్జీలలో ఒక నమ్మకం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మొదలు తెలియని మాటను ఖండించడం కష్టం. పైగా ఈ నమ్మకానికి ఒక సాక్ష్యం కూడా ఉంది. ఆ సాక్ష్యం, ఆ వీధిలో గౌన్ల దుకాణం నడిపే ఇద్దరు అక్కచెల్లెళ్ల మేనత్త.

దుకాణం పెట్టింది ఆవిడే. తన కొలతకే ఒక బొమ్మ చేయించుకుంది. తల లేదు, చేతులు లేవు. మెడ నుంచి తుంటి దాకా గుడ్డ చుట్టిన దూది, దాని కింద ఒక కర్ర, కర్ర అడుగున గుండ్రటి చెక్క. ఆ బొమ్మతో పాటే ముప్పై ఏళ్లు పనిచేసింది. చివరి రోజులకు కొడవలిలా వంగి, కటింగ్ బల్ల అంచుకు గడ్డం ఆనే స్థితికి వచ్చింది. పోయేముందు, "బొమ్మ పెరుగుతోంది, చూసుకోండి" అని మేనకోడళ్లతో రెండుసార్లు అన్నది. మూడోసారి అనడానికి ఆవిడకు ఊపిరి చాలలేదు.

పెద్ద మేనకోడలు అక్షరాలా మేనత్త పోలిక: అవే సన్నటి మణికట్లు, అవే ఇరుకు భుజాలు. అందుకని బొమ్మకు ఇంకో రెండు పొరల దూది చుట్టి పెద్దామె కొలతకు సరిచేశారు. ఆ రోజు బొమ్మ భుజం ఎంత ఎత్తుకు వచ్చిందో గుమ్మం చట్రం మీద కత్తెర మొనతో గీత గీశారు. ఆ చట్రం మీద అప్పటికే మేనత్త గీసిన గీతలు రెండున్నాయి. అక్కచెల్లెళ్లు పనిలో చేరిన రోజు ఇద్దరినీ నిలబెట్టి తల మీద స్కేలు పెట్టి గీసినవి. ఇంచు కూడా తేడా రాని మనిషి ఆవిడ.

అక్క పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. చెల్లెలు భర్త పోయాక దుకాణానికే తిరిగి వచ్చింది. ముందుగదిలో కటింగ్ బల్ల, రెండు మిషన్లు, నిలువుటద్దం, కిటికీ పక్కన బొమ్మ. వెనక రెండు గదుల్లో కాపురం. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. అక్కకు అరవై దాటాయి. చెల్లెలికి అరవైకి ఇంకొంచెం ఉంది.

మేనత్త వాళ్లకు నేర్పినవాటిలో అన్నిటికన్నా గట్టిగా నాటుకున్న సూత్రం ఒకటి: "టేపుకు కళ్లుండాలి, నోరుండకూడదు." వచ్చినవాళ్ల నడుం పెరిగినా, భుజం జారినా, వీపు గూనిగా మారినా, దర్జీ చూస్తాడు, సరిచేస్తాడు, చెప్పడు. గూని వచ్చిన మనిషికి వెనకభాగం ఒక అంగుళం పెంచి, ముందుభాగం ఒక అంగుళం తగ్గించాలి. లేకపోతే గౌను వెనక ఎగిరి ముందు నేలను ఊడుస్తుంది. వాళ్లు అనుమానంగా పాత గౌను చూపిస్తే చెప్పవలసిన మాట కూడా మేనత్త నేర్పింది: "ఉతికితే గుడ్డ కుంచించుకుపోదా, అమ్మా!"

అక్కకు ఒక నీలం రంగు పనికోటు ఉంది. చీలమండల దాకా దిగే పొడుగు కోటు, జేబుల నిండా సుద్దముక్కలు. ప్రతి సాయంత్రం దాన్ని విప్పి బొమ్మకు తొడగడం ఆమె అలవాటు. కోటు అంచు సరిగ్గా అడుగు చెక్కను తాకి ఆగేది. ఒకనాటి ఉదయం షట్టరు ఎత్తి వెనక్కి తిరిగిన చెల్లెలికి చెక్కకూ కోటుకూ మధ్య ఖాళీ కనిపించింది. ఆ ఖాళీలోంచి కిటికీ వెలుగు నేల మీద సన్నటి పట్టీలా పడుతోంది.

"అక్కా, ఈ బొమ్మ పెరుగుతోందే."

"అన్నం గాని పెడుతున్నావా దానికి?"

"నవ్వులాట కాదు. కోటు చూడు. మునుపు చెక్కను తాకేది."

"ఉతికితే గుడ్డ కుంచించుకుపోదా!"

"పదేళ్ల కోటు ఇవాళ కొత్తగా కుంచించుకుపోతుందా?"

"నీ నోరు కుంచించుకుపోదు గాని, ఆ కాలరు పని చూడు."

ఆ తర్వాత చెల్లెలి కళ్లు ప్రతి ఉదయం ముందు అక్కడికే పోయేవి. వెలుగు పట్టీ ఒక్కో ఋతువుకు కొంచెం వెడల్పవుతూ వచ్చింది. అక్కలోనూ మార్పులు కనిపించాయి. పై అరలోని దారపు డబ్బాను ఆమె ఇప్పుడు చెల్లెలి చేత తీయిస్తోంది. అడిగితే భుజం పట్టేసిందంటుంది. అద్దంలో ఆమె తల వెనక ఎప్పుడూ కనబడని గోడ మేకు ఇప్పుడు ఆమె జుట్టుకు పైన నల్లగా కనబడుతోంది. ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే ఇద్దరి కళ్లూ సమానంగా ఉంటున్నాయి. చిన్నప్పటి నుంచీ అక్క ముఖం చూడాలంటే తల కాస్త ఎత్తవలసి వచ్చేది. ఎప్పటి నుంచి ఎత్తడం మానేసిందో చెల్లెలికి గుర్తు రాలేదు. బొమ్మ మాత్రం వెన్ను నిటారుగా, మెడ దగ్గర కోసినట్టు ఆగిపోయి, కిటికీ పక్కన అలాగే నిలబడి ఉంది.

ఒక మధ్యాహ్నం అక్క బల్ల మీదికి వంగి కోటు గుడ్డ తాను ఒకటి ఎత్తబోయింది. "టక్" మన్నది. ఎండిన సుద్ద విరిగినంత చిన్న శబ్దం. చెల్లెలికి అది కిటికీ వైపు నుంచి వచ్చినట్టు వినిపించి ముందు బొమ్మ వైపు చూసింది. బొమ్మలో కదలిక లేదు. తిరిగి చూసేసరికి అక్క బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"ఏమైందే?"

"పట్టేసింది. మాట్లాడించకు."

"డాక్టరు దగ్గరికి పోదాం పద."

"నడుం పట్టేస్తే డాక్టరా? రేపు తుమ్మినా తీసుకుపోతావు."

"అయితే బొమ్మనైనా ఇక్కణ్ణుంచి తీసెయ్యనీ. అత్తనూ ఇదే చేసింది. నీకు కనబడటం లేదా?"

అక్క ఇలాంటి మాటలను ఏనాడూ లెక్కచేసిన మనిషి కాదు. కాని డాక్టరు దగ్గర మాట్లాడవలసిన మాటల కన్నా బొమ్మను పక్కకు పెట్టడం సులువు. "సరే. నీ కళ్లు చల్లబడతాయంటే అదే చెయ్యి" అన్నది.

వెనక సామాన్ల గదిలో బొమ్మను పెట్టారు. ముఖం గోడవైపు తిప్పమన్నది అక్క వేళాకోళంగా. ముఖం లేనిదాన్ని ఎలా తిప్పాలో చెల్లెలికి తెలియక రొమ్మును గోడకు ఆనించింది.

నొప్పి తగ్గింది. మొదట రాత్రి పక్క మీద తిరగగలిగింది, తర్వాత కుర్చీలోంచి చెయ్యి ఊతం లేకుండా లేవగలిగింది, నెలన్నర గడిచేసరికి మళ్లీ బల్ల దగ్గర నిలబడింది. "చూశావా?" అన్నది చెల్లెలు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు కనుక వీధంతా చూసింది. ఎదుటి దుకాణం దర్జీ కూడా తన బొమ్మను అటకెక్కించాడు.

నమ్మనివాళ్లకు సైతం నొప్పి తగ్గితే నమ్మకం పుడుతుంది. సామాన్ల గది దాటేటప్పుడు అక్క గోడవారగా నడవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "అది ఎంత ఉందే ఇప్పుడు?" అని అడిగింది.

"ఏది?"

"లోపలిది."

చెల్లెలు లేచి వెళ్లి చూడలేదు. ఆ గది తలుపుకు బయట గడియ ఉంది. అది పెట్టి ఉందో లేదో మాత్రం చూసి వచ్చింది.

వానలు పడ్డాయి. ముందుగది కిటికీ చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. గాలి ఆడటం లేదని అక్క రెండు చేతులతో దాన్ని గుంజింది. "టక్" మన్నది. ఈసారి ఆ గదిలో బొమ్మ లేదు. శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెల్లెలు స్పష్టంగా విన్నది. అక్క కిటికీ కింద నేల మీదికి మెల్లగా, గుడ్డ జారినట్టు జారింది.

ఆసుపత్రిలో నర్సు ముందుగా ఎత్తు అడిగింది. అక్క తడుముకోకుండా చెప్పింది. ఆ గీత మేనత్త గీసింది, తప్పయ్యే అవకాశం లేదు. నర్సు ఆమెను మెల్లగా గోడకు నిలబెట్టి కొలిచి, రెండున్నర అంగుళాలు తక్కువ రాసుకుంది.

"మీ కొలబద్ద తప్పు" అన్నది అక్క, నొప్పిలోనే.

"పొద్దున్నించి అందరూ అదే మాటమ్మా."

డాక్టరు చెల్లెలికి కూతురయ్యేటంత వయసు పిల్ల. ఎక్స్‌రేను వెలుగు మీద పెట్టి వేలితో చూపించింది. వెన్నుపూసలు పేర్చిన దారపు రీళ్లలా ఉండాలి. మూడు మాత్రం ముందువైపు నలిగి, అరగదీసిన సుద్దముక్కల్లా ఏటవాలుగా ఉన్నాయి. ఒకటి ఇప్పటిది. ఒకటి కొన్ని నెలలది. మూడోది చాలా పాతది.

"పాతదా?" అన్నది చెల్లెలు.

"కొందరికి నడుం పట్టేసిందన్నంత నొప్పే వస్తుంది. కొందరికి అదీ రాదు. విరిగినట్టు తెలియను కూడా తెలియదు."

"అత్తను మంచం మీద లేపి కూచోబెట్టినప్పుడు పట్టేసింది" అన్నది అక్క. ఎవరితోనో చెప్పినట్టు లేదు.

డాక్టరు ప్రశ్నలు ఒక వరసలో అడిగింది. ఇంట్లో ఇంకెవరికైనా గూని వచ్చిందా? మేనత్తకు. నెలసరి ఎప్పుడు ఆగింది? నలభై నిండకముందే. ఎండలోకి వెళతారా? కిటికీలోంచి చూస్తాను. మధ్యాహ్నం ఏం తింటారు? పనుంటే టీ. పని లేని రోజు? అలాంటి రోజు లేదు.

డెక్సా స్కాన్ కూడా చేశారు. బల్ల మీద పడుకోబెడితే యంత్రం పైనుంచి మెల్లగా జరుగుతూ పోయింది. అంతే. ఫలితం ఒక అంకె. డాక్టరు దాన్ని వివరించింది: ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషి ఎముక ఎంత గట్టిగా ఉంటుందో అది ఒక కొలత. మన ఎముక దానికి ఎంత దిగువన ఉందో చెప్పేది టి-స్కోరు. రెండున్నర దిగువకు చేరితే ఎముకలు గుల్లబారాయని అర్థం. దాన్నే ఆస్టియోపోరోసిస్ అంటారు. అక్కది మూడు దిగువన ఉంది.

"అంటే మీ దగ్గర కూడా ఒక బొమ్మ ఉందన్నమాట. పడుచువాళ్ల కొలతకు కట్టింది" అన్నది అక్క.

డాక్టరుకు అర్థం కాలేదు. "అలాగే అనుకోండి" అన్నది.

"పైన పటారం, లోన లొటారం. సరే, మరి నొప్పి తగ్గిందేం మధ్యలో?"

"విరిగింది అతుక్కుంది కనుక తగ్గింది. ఎవరికైనా కొన్ని వారాల్లో తగ్గుతుంది. అతికినంత మాత్రాన మిగతా ఎముక గట్టిపడ్డట్టు కాదమ్మా. ఇప్పటిదాకా విరిగినవి వెన్నుపూసలు. నా భయం తుంటి గురించి. అది విరిగితే మీరు మళ్లీ ఆ బల్ల దగ్గర నిలబడతారని నేను మాట ఇవ్వలేను."

వారానికొక మాత్ర రాసింది. పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని అరగంట సేపు నడుం వాల్చకూడదు. ఆహారంలో కాల్షియం, విటమిన్ డి సరిచూసింది. చివరికి, నొప్పి సర్దుకున్నాక వెళ్లమని ఒక చిరునామా చెప్పింది: వాళ్ల పేటలోనే, గ్రంథాలయం కింది అంతస్తు హాలు. ఎముకలు గుల్లబారినవాళ్లు ప్రతి గురువారం ఉదయం కలుస్తారు. ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామం చేయిస్తుంది.

"ముసలివాళ్ల మధ్యకు నేనెందుకు?" అన్నది అక్క.

ఆ సాయంత్రం చెల్లెలు పనికోటు మడతపెడుతుంటే అంచు లావుగా చేతికి తగిలింది. తిరగేసి చూసింది. లోపల మడత మీద మడత, దాని మీద ఇంకో మడత. ఒక్కో మడత ఒక్కో రంగు దారంతో, అక్క చేతి కుట్టుతో ఉంది. కోటు ఎందుకు పైకి పోయిందో అర్థమైంది. అయినా ఆమె అంతటితో ఆగలేదు. సామాన్ల గది గడియ తీసి, దుమ్ముపట్టిన బొమ్మను ఈడ్చుకొచ్చి, గుమ్మం చట్రం పక్కన నిలబెట్టింది. భుజం పాత గీతతో సరిగ్గా కలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

కోటు తీసుకుపోయి మంచం మీద ఉన్న అక్క ఒళ్లో పడేసింది. "ఇదేమిటి?"

అక్క మడతలను వేళ్లతో ఒకసారి తడిమింది. "నేలకు తగులుతుంటే పైకి మడిచాను."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"టేపుకు నోరుండకూడదుగా."

"టేపుకు కాదక్కా, చెల్లెలికి చెప్పాలి. నేను ఆ బొమ్మ పెరుగుతోందని హడలి చస్తుంటే చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకుంటే నయమనిపించింది. నువ్వు బొమ్మను చూస్తున్నంతసేపూ నన్ను చూడవు."

చెల్లెలు మంచం అంచున కూచుంది. "బొమ్మ పెరగలేదు, సరే. పెరగకుండా తాగి ఉండొచ్చుగా?" అన్నది.

"తాగింది ఎక్కడికి పోయిందే? దానికి కడుపు కూడా దూదే."

"అత్త మాట?"

అక్క గుమ్మం వైపు చూసింది. నడుం నలిగి పడుకున్న మనిషికి ఆ గుమ్మంలో నిలబడ్డ బొమ్మ మామూలు కన్నా పొడుగ్గానే కనిపిస్తోంది. "ఒక పని చేద్దాం. గురువారం నాడు ఆ హాలుకు పోదాం. ఎంతమంది ఇళ్లలో బొమ్మలున్నాయో అడుగుదాం. అందరికీ ఉంటే నీ మాట నిజం" అన్నది.

నిలబడగలిగాక, ఒక గురువారం వెళ్లారు. కాస్త ఆలస్యమైంది. హాల్లో అప్పటికే వ్యాయామం సాగుతోంది. ఆడవాళ్లందరూ కుర్చీల వీపులు పట్టుకుని, కిటికీల వైపు తిరిగి, గుమ్మానికి వీపులు పెట్టి నిలబడి ఉన్నారు. ఎదుటి వెలుగులో ముఖాలు లేవు, రంగులు లేవు, వీపులే ఉన్నాయి. అన్నీ ఒకటే వీపు. మేనత్త వీపు. వరసగా, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా మేనత్త నిలబడి ఉంది. అందరూ ఒక్కసారిగా మునివేళ్ల మీద లేచారు. ఆ ఒక్క క్షణం అందరూ పొడుగయ్యారు. మెత్తటి చప్పుడుతో మళ్లీ కిందికి దిగారు. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది.

అక్క చూస్తున్నది వేరు. ఆ వీపులు ఆమెకు తెలుసు. ముఖాలు చూడకుండానే తెలుసు. వెనక అంగుళం పెంచి ముందు అంగుళం తగ్గించినవి, వెనక అంగుళమున్నర పెంచినవి. ఆ వరసలో సగం మంది మీద ఉన్న గౌన్లు ఆమె కత్తిరించినవే.

ఫిజియోథెరపిస్టు చప్పట్లు కొట్టింది. వీపులు తిరిగి మనుషులయ్యాయి. చేతికర్రకు బదులు ఎండా వానా లేకపోయినా గొడుగు పట్టుకు తిరిగే గొడుగు పిన్ని ముందుగా గుర్తుపట్టింది.

"ఏమ్మా, మా గౌన్లు ఇక్కడికే తెచ్చిస్తున్నారా ఏమిటి?"

"గౌన్లు కాదు పిన్నిగారూ, నడుం తెచ్చాను" అన్నది అక్క. అందరూ నవ్వి కుర్చీ జరిపారు.

చెల్లెలికి ఆగలేదు. "ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీలో ఎవరింట్లోనైనా మీ కొలతకు కట్టిన బొమ్మ ఉందా?"

చివరి కుర్చీలోంచి ఒకావిడ, "మా ఇంట్లో ఒకటుందమ్మా. పొద్దస్తమానం టీవీ ముందు కూచుని ఉంటుంది. నా ఎత్తు తాగదు గాని బుర్ర తింటుంది. నాతో పెళ్లయి నలభై ఏళ్లయింది" అన్నది. నవ్వులు చల్లారాక చెల్లెలు ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. ఒక్కరింట్లోనూ బొమ్మ లేదు.

గొడుగు పిన్ని నవ్వలేదు. ఆమె అక్కనే చూస్తోంది. "నా గౌను ముందుభాగం నువ్వు తగ్గించడం ఎప్పటి నుంచి?"

అక్కకు కొలతలు మరచిపోయే గుణం లేదు. "ఆరేళ్ల నుంచి."

"నా తుంటి విరిగింది పోయినేడు."

"తెలుసు పిన్నిగారూ."

"నేను అడిగినట్టు గుర్తు. గుడ్డ కుంచించుకుపోయిందన్నావు."

"అన్నాను."

గొడుగు పిన్ని గొడుగును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "కుర్చీ పట్టుకో. మొదట మడమలు లేపడం. గబగబా చెయ్యకు, మెల్లగా దిగు" అన్నది.

అక్క మానకుండా వెళ్లింది. వెన్ను వంచకుండా తుంటి దగ్గర వంగడం, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకుని లేపడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం నేర్చుకుంది. మిషన్ల కింది చాప తీసేశారు. కటింగ్ బల్ల కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచారు. మధ్యాహ్నం అక్క భోజనం చేసి ఎండలో వీధి చివరిదాకా నడిచి వస్తుంది. బొమ్మను మళ్లీ కిటికీ పక్కన పెట్టారు. కోటుకూ చెక్కకూ మధ్య వెలుగు పట్టీ అలాగే పడుతుంది, దాన్ని సరిచేయలేదు. కొలతకు వచ్చినవాళ్ల గౌను వెనక అంగుళం పెంచవలసి వస్తే అక్క టేపు కిందపెట్టి, ఆ మాట పైకి చెప్పి, పరీక్ష చేయించుకొమ్మంటుంది. ఇద్దరు కోపగించుకుని వేరే దుకాణానికి పోయారు. ఎదుటి దర్జీ తన బొమ్మను అటక మీద నుంచి దించలేదు.

ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీశారు. కొత్తగా విరిగినవి లేవు. రెండో ఏడు స్కాన్‌లో అక్క టి-స్కోరు మూడు నుంచి రెండు పాయింట్ ఎనిమిదికి వచ్చింది. ఆ సాయంత్రం షట్టరు దించాక, చెల్లెలు అడిగితే, అక్క గుమ్మం చట్రం దగ్గర ముగ్గురినీ కొలిచింది. బొమ్మ భుజం పాత గీత దగ్గరే ఉంది. అక్క ఆసుపత్రిలో కొలిచిన ఎత్తే ఉంది. చెల్లెలు మేనత్త గీసిన గీతకు ఒక అంగుళం కిందికి వచ్చింది. ఆమె కొలతకు ఎప్పుడూ ఏ బొమ్మా కట్టలేదు. అక్క ఆ అంగుళాన్ని పైకి చదివింది. చెల్లెలి స్కాన్ సోమవారం.